చేతికి తాళం, కాలికి చెప్పులు

మా ఇల్లు గుంటూరు బ్రాడీపేటలో. ఒకరోజు రాత్రి ఏడున్నరకి వంటింట్లోంచి మా ఆవిడ పిలిచింది. "ఏవండీ, పెరుగు అయిపోయింది. ఒక ప్యాకెట్ తెస్తారా?" ఆ మాట పూర్తయ్యేసరికే నా చెయ్యి గుమ్మం పక్కన కొక్కేనికి వేలాడుతున్న బండి తాళం మీద ఉంది.

బయటికొచ్చి చూస్తే పై వాటాలో అద్దెకుంటున్న కుర్రాడి బైకు నా స్కూటరుకి అడ్డంగా ఉంది. హ్యాండిల్ లాక్ వేసుంది. కేకేశాను. అతను దిగొచ్చి తీశాడు. గేటు తెరిచి, బండి వెనక్కి తోసి, రోడ్డు మీదికి తిప్పి, మళ్లీ గేటు వేశాను. కొట్టు మా లైను చివరే. అక్కడ బండి పెట్టడానికి చోటు దొరక్క పక్కింటి గేటు ముందు ఆపాను. పెరుగుకి డబ్బులిస్తుండగానే ఆ ఇంటాయన కారు తీయడానికి హారన్ కొట్టాడు. పరుగున వెళ్లి బండి తీశాను. ఇంటికొచ్చి మళ్లీ గేటు, మళ్లీ తోయడం, మళ్లీ స్టాండు. ఇదంతా వరండాలో కూర్చుని చూస్తున్న మా అమ్మ అంది: "ఈలోపు నేను రెండుసార్లు వెళ్లొచ్చేదాన్ని రా అబ్బాయ్."

అమ్మకి డెబ్భై నాలుగేళ్లు. ఎత్తిపొడవాలని అనలేదు, చూసింది చూసినట్టు చెప్పింది. ఆ మాట రాత్రంతా నన్ను వదల్లేదు. మర్నాడు నడిచి వెళ్లాను, అడుగులు లెక్కపెట్టాను. వెళ్లడానికి 420 అడుగులు. కొనడంతో కలిపి, ఇంట్లోంచి ఇంట్లోకి తొమ్మిది నిమిషాలు. ఆ తర్వాతి రోజు ఏ అడ్డూ లేకుండా బండి మీద వెళ్లాను. ఏడు నిమిషాలు. అంటే నేను ఇన్నేళ్లుగా బండి తీస్తున్నది రెండు నిమిషాల కోసం!

వెంటనే ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకుని వారం రోజులు రాశాను. ఏడు రోజుల్లో పంతొమ్మిది సార్లు బండి తీశాను. అందులో పదకొండు సార్లు వెళ్లింది కిలోమీటరు లోపు. పాల బూత్, మందుల షాపు, ఇస్త్రీ బండి, టిఫిన్ సెంటర్, ఏటీఎం. ఈ అధ్యాయం ఆ పదకొండు ప్రయాణాల గురించి. మీ పుస్తకంలో ఆ అంకె ఎనిమిదో, పదిహేనో కావచ్చు. ఎంతైనా, అవన్నీ మీరు ఆలోచించి తీసుకున్న నిర్ణయాలు కావన్నదే నేను ఇక్కడ చెప్పదలచుకున్న మాట.

తప్పు కాళ్లది కాదు

దగ్గరి దూరానికి బండి తీసేవాళ్లని చూసి "బద్ధకం పెరిగిపోయింది" అనేస్తాం. మనల్ని మనమూ అలాగే తిట్టుకుంటాం. ఈ మాట నిజమైతే కొన్ని సంగతులకి సమాధానం దొరకదు.

అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు. ఏటా లక్షల మంది ఎక్కుతారు. సింహాచలం గిరిప్రదక్షిణ దాదాపు 32 కిలోమీటర్లు. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు మధ్యాహ్నం బయల్దేరినవాళ్లు రాత్రంతా వానలో తడుస్తూ కూడా నడుస్తారు. వాళ్లలో గృహిణులున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, షుగరు ఉన్నవాళ్లున్నారు. వారం తిరక్కుండానే వాళ్లే వీధి చివరి కొట్టుకి బండి మీద వెళ్తారు. కాళ్లు అవే, మనిషి అదే. మరి బద్ధకం మధ్యలో ఎక్కణ్ణించి వచ్చినట్టు?

పొద్దున్నే మైదానాల దగ్గర చూడండి. హైదరాబాద్ కేబీఆర్ పార్కు బయట బారులు తీరిన కార్లు, మా ఊరి ఎన్టీఆర్ స్టేడియం ముందు వరసగా స్కూటర్లు. నడవడానికి బండి మీద వచ్చినవాళ్లవి అవి. లోపల నాలుగైదు చుట్లు శ్రద్ధగా తిరుగుతారు. అదే మనుషులు తిరుగుదారిలో ఇంటికి రెండు సందుల అవతల ఆగి కొత్తిమీర కట్ట కొనాలన్నా బండి దిగకుండా "ఒక కట్ట ఇవ్వమ్మా" అని చెయ్యి చాస్తారు.

దీన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. నడక అని ముందే అనుకున్న చోట మనం ఎంతైనా నడుస్తాం. అలిపిరికి వెళ్లేటప్పుడు నడవాలా వద్దా అన్నది ఇంటి దగ్గరే తేలిపోయి ఉంటుంది. బట్టలు, నీళ్ల సీసా, తోడు, అన్నీ దానికి తగ్గట్టే సిద్ధమవుతాయి. పెరుగు ప్యాకెట్ దగ్గరికొచ్చేసరికి ఆ ప్రశ్నే రాదు. ప్రశ్న పుట్టేలోపే చేతిలో తాళం ఉంటుంది. తాళం చేతికొచ్చాక ఇంక నిర్ణయించడానికి ఏమీ మిగలదు.

బండి ఎలా గెలిచింది

నలభై యాభై ఏళ్లు దాటినవాళ్లకి బజాజ్ చేతక్ రోజులు గుర్తుండే ఉంటాయి. పొద్దున్నే దాన్ని పక్కకి వంచాలి, చోక్ లాగాలి, నాలుగైదు కిక్కులు కొట్టాలి. ఇంత తతంగం కాబట్టి ఆఫీసుకీ, సినిమాకీ తప్ప దాన్ని కదిపేవాళ్లు కాదు. వీధి చివరికి ఎవరైనా నడిచే వెళ్లేవాళ్లు. అప్పటివాళ్లు మనకంటే ఉత్తములని కాదు. వాళ్లకి నడవడమే సులువు.

1980ల్లో కైనెటిక్ హోండా వచ్చింది. గేర్లు లేవు, బటన్ నొక్కితే స్టార్ట్. 2001లో యాక్టివా వచ్చాక ఆ సుఖం ఇంటింటికీ చేరింది. అప్పటినుంచి బండి వైపు ఉన్న ఇబ్బందులు ఒక్కొక్కటే తొలగిపోతూ వచ్చాయి. నడక వైపు మాత్రం ఒక్కొక్కటే పెరిగాయి. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్ వెలిసింది, డివైడరు మధ్యలో కంచె వచ్చింది, వీధికి పది కుక్కలు చేరాయి. మనిషి నీళ్లలాంటివాడు, పల్లానికే పోతాడు. ఈ ముప్పై నలభై ఏళ్లలో పల్లం బండి వైపుకి తిరిగింది. అందుకే సంకల్పాన్ని తిట్టి లాభం లేదు. వాలుని మార్చుకోవాలి. మన ఇంటి గుమ్మం దగ్గరైనా మార్చుకోవాలి.

దానికి ముందు, ఆ వాలుని నిలబెడుతున్న మూడు తప్పుడు లెక్కల్ని చూద్దాం.

మొదటి లెక్క: కాలం

బండి ప్రయాణాన్ని మనం చక్రం కదిలినప్పటినుంచి చక్రం ఆగేదాకా కొలుస్తాం. నడకని మాత్రం గుమ్మం నుంచి గుమ్మం దాకా కొలుస్తాం. తాళం వెతకడం, గేటు, అడ్డంగా ఉన్న పక్కవాళ్ల బండి, యూటర్న్, పార్కింగ్, మళ్లీ తిరిగి పెట్టడం, ఇవేవీ మన లెక్కలోకి రావు. డివైడరున్న రోడ్ల మీద ఇంకా విచిత్రం. ఎదురుగా కనిపిస్తున్న మందుల షాపుకి నడిచి దాటితే యాభై అడుగులు. బండి మీదైతే ముందుకెళ్లి యూటర్న్ తీసుకుని, మళ్లీ వెనక్కి రావడానికి ఇంకో యూటర్న్.

మామూలు నడకలో కిలోమీటరుకి పన్నెండు నిమిషాలు పడుతుంది. అర కిలోమీటరుకి ఆరు. మీ ఇంటినుంచి రోజూ వెళ్లే మూడు చోట్లకి ఒకసారి బండి మీద, ఒకసారి నడిచి, గుమ్మం నుంచి గుమ్మానికి ఫోన్ గడియారంలో కొలిచి చూడండి. ఐదువందల మీటర్ల లోపు తేడా చాలాసార్లు రెండు మూడు నిమిషాలకి మించదు. ఎవరో చెప్పగా విన్న లెక్క మనసుకి పట్టదు. మీరు కొలిచింది పడుతుంది. అందుకే ఈ పని తప్పకుండా చేయమంటున్నాను.

రెండో లెక్క: ఖర్చు

పెట్రోలు మిగులుతుందని ఆశపెట్టి మిమ్మల్ని నడిపించాలని నాకు లేదు. లీటరుకి యాభై కిలోమీటర్లిచ్చే స్కూటరు మీద వీధి చివరికి పోయొస్తే రూపాయిన్నర కూడా కాదు. ఇబ్బంది అక్కడే ఉంది. అదే దూరానికి ఆటో అతను ఇరవై అడిగితే "ఈమాత్రం దానికి ఆటో ఎందుకు" అని నడిచిపోతాం. ఆటోలో ప్రతి ప్రయాణానికీ ధర చెప్పేవాడు ఉన్నాడు. సొంత బండికి ఎవరూ ధర చెప్పరు. వారానికోసారి బంకులో కట్టేస్తాం కాబట్టి ప్రతి చిన్న ప్రయాణమూ ఉచితంగానే కనిపిస్తుంది. ఉచితంగా వచ్చేదాన్ని ఎవరు వద్దంటారు?

నిజానికి ఆ ఖర్చు వేరే చోట పడుతుంది. చల్లటి ఇంజను వేడెక్కేలోపే మీరు కొట్టు దగ్గర ఆపేస్తారు. ఇంజనులో పుట్టిన నీటి ఆవిరి బయటికి పోయేంత వేడి రాక ఆయిలులో కలుస్తుంది. సెల్ఫ్ స్టార్టుకి బ్యాటరీ ఇచ్చిన చార్జింగు అంత కొద్ది దూరంలో తిరిగి ఎక్కదు. పొగగొట్టంలో విషవాయువుల్ని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ బాగా వేడెక్కితేగానీ సరిగ్గా పనిచేయదు. అందుకని ఏ ప్రయాణంలోనైనా మొదటి కిలోమీటరు పొగే అన్నిటికంటే చెడ్డది. మన వీధిలో, మన పిల్లలు ఆడుకునే చోట వదిలేది ఆ పొగనే.

ఇంకొక మాట. దగ్గరే కదా అని ఈ ప్రయాణాలకి హెల్మెట్ పెట్టుకోం. ప్రమాదానికి దగ్గరా దూరం తెలియదు.

మూడో లెక్క: పరువు

దీని గురించి మనం పైకి మాట్లాడుకోం. అందుకే కొంచెం నిలబడి మాట్లాడాలి.

నేను నడవడం మొదలుపెట్టిన మొదటి వారంలో ముగ్గురు అడిగారు, "బండి రిపేరా?" అని. ఇద్దరు పక్కన ఆపి "ఎక్కండి, దింపేస్తాను" అన్నారు. వద్దంటే నొచ్చుకున్నారు. అల్లుడు బస్టాండు నుంచి నడిచొస్తే అత్తగారింట్లో అది పరువు తక్కువ. ఎదురెళ్లి బండి ఎక్కించుకు రావాలి. రెండు తరాల వెనక మన ఇళ్లలో చాలామందికి నడక తప్పనిసరి. సైకిలు కొనుక్కోవడమే ఒక మెట్టు, స్కూటరు ఇంకో మెట్టు. ఆ మెట్లెక్కిన కష్టం మరిచిపోలేదు కాబట్టి, నడుస్తూ కనిపిస్తే మళ్లీ కిందకి దిగినట్టు అనిపిస్తుంది. ఆ మనసు నాకు అర్థమవుతుంది. మా నాన్న కొన్న మొదటి స్కూటరుకి పసుపు రాసి, నిమ్మకాయలు తొక్కించి, ఇంటిల్లిపాదీ దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాం. ఆ సంతోషం తప్పు కాదు.

అయితే మన దేశమే నడకకి ఎంత గౌరవమిచ్చిందో కూడా గుర్తు చేసుకోవాలి. 1930లో గాంధీజీ దండికి నడిచారు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూదానం మొదలయ్యాక వినోబా భావే తెలంగాణ పల్లెల్ని కాలినడకనే చుట్టారు. తెలుగు నాయకులు ప్రజల దగ్గరికి పోవాలనుకున్నప్పుడు ఇప్పటికీ పాదయాత్రే చేస్తారు. వాళ్లు నడిచినప్పుడు మనం దండలతో ఎదురెళ్తాం. మన పక్కింటాయన నడిస్తే మాత్రం బండి చెడిపోయిందా అని జాలిపడతాం. ఈ తేడా మన చూపులోనే ఉంది, దాన్ని మార్చుకోవడమూ మన చేతిలోనే ఉంది.

దీనికి ఒక్క వాక్యం సిద్ధంగా పెట్టుకోండి. ఎవరైనా బండి ఆపి ఎక్కమంటే నవ్వుతూ చెప్పండి: "లేదండీ, నడవాలనే వచ్చాను. ఈసారి మీరూ రండి." వివరణలొద్దు, డాక్టరు చెప్పాడన్న సాకూ వద్దు. నాలుగైదుసార్లు ఈ మాట విన్నాక వాళ్లే అడగడం మానేస్తారు. మా లైనులో ఒకాయన నిజంగానే నాతో రావడం మొదలుపెట్టారు.

ఇంత చిన్న నడకతో ఏమొస్తుంది?

"నడిస్తే గంట నడవాలి గానీ, నాలుగు నిమిషాలకి ఏమొస్తుందండీ?" అని చాలామంది అడుగుతారు. దీనికి పాత కథ ఒకటుంది. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు డబుల్ డెక్కర్ బస్సుల డ్రైవర్లనీ కండక్టర్లనీ పోల్చి చూశాడు. ఒకే బస్సు, ఒకే ఊరు, దాదాపు ఒకే తరగతి మనుషులు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు పైకీ కిందకీ తిరుగుతూ రోజుకి 500 నుంచి 750 మెట్లు ఎక్కుతాడు. డ్రైవర్లతో పోలిస్తే కండక్టర్లకి గుండెజబ్బులు బాగా తక్కువని 1953లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఆ కండక్టర్లు వ్యాయామమని మెట్లెక్కలేదు. టికెట్లు కొట్టారు, అంతే. కొద్దికొద్దిగా, రోజంతా, పనిలో భాగంగా కదిలారు.

పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒకసారికి పది నిమిషాలైనా చేస్తేనే లెక్క అని ఇదివరకు ఒక షరతు ఉండేది. 2020లో ఇచ్చిన సూచనల్లో దాన్ని తీసేశారు. ఎంత కొద్దిసేపైనా లెక్కలోకి వస్తుంది. నా పదకొండు ప్రయాణాలకి పోనూ రానూ సగటున పది నిమిషాల నడక వేసుకున్నా వారానికి 110 నిమిషాలు. ట్రాక్ సూట్ కొనకుండా, ఐదింటికి అలారం పెట్టకుండా మూడింట రెండు వంతులకి పైగా పూర్తయిపోయింది. కాస్త చురుగ్గా నడవాలి, అంతే. పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఆ వేగం చాలు.

రోజుకి పదివేల అడుగులన్న అంకెని చూసి భయపడి మానేసేవాళ్లూ ఉన్నారు. అది వైద్యులు తేల్చిన హద్దు కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అమ్మిన అడుగులు లెక్కపెట్టే యంత్రానికి పెట్టిన పేరు నుంచి వచ్చింది. ఆ పేరుకి అర్థమే పదివేల అడుగుల మీటరు. అందుకే పదివేలు కాలేదని కొట్టుకి నడవడం మానొద్దు.

మన ఇళ్లకి దీనితో ఎంత పనుందో చెబుతాను. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందనీ, మరో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారనీ ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో జరిగిన అధ్యయనం 2023లో చెప్పింది. భోజనం చేశాక రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఆ సమయంలో కాళ్లు కదిపితే తొడల, పిక్కల కండరాలు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే ఆ చక్కెరని లాక్కుని వాడుకుంటాయి. కాబట్టి రాత్రి భోజనమయ్యాక పది నిమిషాల నడక చాలా విలువైనది. రేపటి పాల ప్యాకెట్లు, మందుల చీటీ, ఇస్త్రీ బట్టలు లాంటి పనులు ఆ సమయానికి పెట్టుకోండి. ఇన్సులిన్ వాడేవాళ్లు, గుండె లేదా మోకాళ్ల ఇబ్బంది ఉన్నవాళ్లు ముందు తమ డాక్టరుని అడగాలి.

నిజమైన అడ్డంకులు

ఇప్పటిదాకా మన లోపలి లెక్కలు మాట్లాడుకున్నాం. బయటి అడ్డంకుల్ని పట్టించుకోకుండా "నడవండి" అని చెప్పడం అన్యాయం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులు. ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు. భయం ఊరికే పుట్టలేదు.

ఫుట్‌పాత్ మీద కనీసం 1.8 మీటర్ల వెడల్పున అడ్డులేని దారి ఉండాలనీ, దాని అంచు 150 మిల్లీమీటర్ల కంటే ఎత్తు ఉండకూడదనీ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధనల్లో ఉంది. మీ వీధిలో టేపు పెట్టి కొలిచి చూడండి. మోకాలెత్తు గట్టు, నాలుగడుగులకో గేటు ర్యాంపు, మధ్యలో కరెంటు స్తంభం. అలాంటి చోట డెబ్భై ఏళ్ల మనిషి రోడ్డు మీదే నడుస్తుంది. అంతకంటే ఏం చేయగలదు? ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని 2025 మే 14న సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మాట మనందరికీ తెలిసి ఉండాలి. విరిగిన పలక, మూత లేని మ్యాన్‌హోల్, వెలగని వీధి దీపం ఫొటో తీసి మున్సిపాలిటీకి రాతపూర్వకంగా ఇవ్వండి. ఒక్కరిస్తే కాగితం, లైనులో పదిమంది ఇస్తే పని. నడవని వీధి గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు, ఫిర్యాదు లేని వీధిని ఎవరూ బాగు చేయరు.

అప్పటిదాకా మన జాగ్రత్తలు మనవి. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద కుడివైపు నడవండి. ఎదురుగా వచ్చే బండి మీకు కనిపిస్తుంది. మెయిన్ రోడ్డు కాకుండా లోపలి అడ్డరోడ్ల మీదుగా దారి చూసుకోండి. కాస్త దూరమైనా నీడ, ప్రశాంతత ఉంటాయి. చీకట్లో లేత రంగు బట్టలు, చేతిలో ఫోన్ టార్చి. కుక్కలున్న సందులో పరిగెత్తొద్దు, వాటి కళ్లలోకి చూడకుండా మెల్లగా దాటండి. ఎండాకాలం ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు దాకా నడక పెట్టుకోవద్దు. మా గుంటూరు ఎండలో వద్దని మరీ గట్టిగా చెబుతాను. ఆడపిల్ల రాత్రిపూట "ఆ సందు నాకు భయం" అంటే అది సాకు కాదు. ఆ మాటని నమ్మండి, తోడు వెళ్లండి.

అన్ని ఇబ్బందులున్నా మన దగ్గర ఒక సంపద ఉంది. డాలస్‌లో కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో ఆరునెలలు వెళ్లొచ్చిన పెద్దవాళ్లని అడిగితే చెబుతారు. అక్కడి శివార్లలో ఇళ్లన్నీ ఒకచోట, కొట్లన్నీ ఇంకోచోట. సాయంత్రం కాలనీలో చుట్లు తిరగొచ్చు గానీ, నడిచి వెళ్లి కొత్తిమీర తెచ్చుకునే చోటు చాలామందికి ఉండదు. కారు నడపడం రాని అమ్మ వారమంతా శనివారం కోసం ఎదురుచూస్తుంది. మన వీధుల్లో ఐదువందల మీటర్లలోపే కిరాణా కొట్టు, మందుల షాపు, టిఫిన్ బండి, గుడి, పాల బూత్ ఉన్నాయి. ఇవి నడిచొచ్చేవాళ్ల కోసం పుట్టిన కొట్లు. బండి తీశామంటే, ఎలాగూ తీశాం కదా అని పార్కింగ్ ఉన్న పెద్ద మార్టుకే పోతాం. అలా పోగా పోగా వీధి చివరి కొట్టు మూతపడుతుంది. ఆ తర్వాత నడుద్దామన్నా వెళ్లే చోటు ఉండదు.

గుమ్మం దగ్గర చేయాల్సిన ఐదు మార్పులు

1. తాళం చోటు మార్చండి. గుమ్మం పక్క కొక్కెం నుంచి తీసి లోపలి గదిలో బీరువా సొరుగులో పెట్టండి. తాళం కోసం ఇరవై అడుగులు లోపలికి వెళ్లాలి. ఆ ఇరవై అడుగుల్లో "నిజంగా బండి కావాలా?" అన్న ప్రశ్న పుట్టడానికి సమయం దొరుకుతుంది. నాకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది ఇదే.

2. కొక్కేనికి సంచీ తగిలించండి. తాళం ఉన్న చోట గుడ్డ సంచీ, గొడుగు. కింద సులువుగా తొడుక్కునే, గట్టి అడుగున్న చెప్పులు. చెయ్యి అలవాటు కొద్దీ అక్కడికే పోతుంది. పోనివ్వండి, దానికి సంచీ తగులుతుంది.

3. ఒక వలయం గీయండి. మీ ఇంటినుంచి పది నిమిషాల నడకలో ఉన్న చోట్లన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. ఈ వలయంలో నడకే అన్నది ఇంటి నియమం. రోజూ కొత్తగా ఆలోచించే పని ఉండదు. అలిపిరి మెట్లకి మల్లే ముందే తేలిపోయి ఉంటుంది.

4. మినహాయింపులు కూడా ముందే రాయండి. గ్యాస్ సిలిండరు, పాతిక కేజీల బియ్యం, జోరువాన, జ్వరం, మిట్టమధ్యాహ్నం ఎండ, నడవలేని పెద్దవాళ్లు. వీటికి బండి తీయడం ఓటమి కాదు. "ఈ ఒక్కసారికి" అన్న మాట మాత్రం ఆ జాబితాలో ఉండకూడదు.

5. బరువుని విడగొట్టండి. వారానికోసారి పెద్ద సరుకులు బండి మీద తెచ్చుకోండి. రోజువారీ చిన్నవి చేతిలో పట్టేంతే కొనండి. రెండు కేజీలు దాటితే రెండు చేతులకి రెండు సంచులు.

ఈ వారం అభ్యాసం

మొదటి మూడు రోజులు ఏమీ మార్చొద్దు. బండి తీసిన ప్రతిసారీ ఎక్కడికి, ఎంత దూరం అన్నది రెండు ముక్కలు రాయండి. ఇంట్లోవాళ్లందరూ రాస్తే ఇంకా మంచిది.

నాలుగో రోజు కిలోమీటరు లోపు ప్రయాణాలకి గీత గీయండి. వాటిలో అతి సులువైనదాన్ని ఒక్కదాన్ని ఎంచుకోండి. అది పాల ప్యాకెట్ కావచ్చు, ఇస్త్రీ బట్టలు కావచ్చు. దాన్ని బండి మీద ఒకసారి, నడిచి ఒకసారి గుమ్మం నుంచి గుమ్మానికి కొలవండి.

ఐదో రోజు నుంచి ఆ ఒక్క పనికి నడక. మిగతావన్నీ ఎప్పటిలాగే చేసుకోండి. ఒకేసారి అన్నీ మార్చాలనుకున్నవాళ్లు రెండో వారానికి మళ్లీ కొక్కెం దగ్గరికొస్తారు. నేనూ మొదటిసారి అలాగే వచ్చాను. రెండోసారి పెరుగు ప్యాకెట్ ఒక్కదానితోనే మొదలుపెట్టి, నెల తర్వాత మందుల షాపు, ఆ తర్వాత ఏటీఎం కలుపుకున్నాను. ఇప్పుడు ఆ పదకొండులో రెండు మాత్రమే బండివి. ఒకటి సిలిండరు, ఇంకోటి వాన.

నేను లెక్కలో వేసుకోనిది ఇంకొకటి జరిగింది. ఒకరోజు నేను సంచీ తీసుకుంటుంటే అమ్మ "ఉండరా, నేనూ వస్తా" అని చెప్పులు వేసుకుంది. అంతకుముందు ఆమె అలా అనకపోవడానికి కారణం అప్పుడు తెలిసింది. స్కూటరు వెనక కూర్చోవడం ఆమెకి భయం. నేను బండి తీసిన ప్రతిసారీ ఆమె వరండాలోనే ఉండిపోయేది. ఇప్పుడు ఇద్దరం వెళ్తున్నాం. ఆమె అడుగుతో ఆ 420 అడుగులకి పది నిమిషాలు పైనే పడుతుంది. మధ్యలో రెండు చోట్ల ఆగుతుంది, ఎవరో ఒకరిని పలకరిస్తుంది. నేను మిగుల్చుకుందామనుకున్న ఆ రెండు నిమిషాలూ, వాటితో పాటు ఇంకొన్నీ అక్కడే ఖర్చవుతున్నాయి.

ఈ పుస్తకం పక్కన పెట్టగానే లేచి, బండి తాళం ఎక్కడుందో చూడండి. దాన్ని లోపలి సొరుగులో పెట్టి, ఆ కొక్కేనికి ఒక సంచీ తగిలించండి. ఈ రాత్రికి ఆ ఒక్క పని చాలు.